గది చల్లగానే ఉన్నా బీరు ఎందుకు వేడెక్కుతుంది: పులిసే ఉష్ణోగ్రత వెనుక లెక్క

సంక్షిప్తంగా: బీరు పులిసేటప్పుడు కొలవవలసింది గది వేడిని కాదు, పాత్రలోని ద్రవం వేడిని. ఈస్ట్ తనంతట తానే వేడిని పుట్టిస్తుంది కాబట్టి మొదటి మూడు రోజుల్లో ఆ ద్రవం గదికన్నా రెండు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువగా ఉండడం మామూలే. రుచి చాలావరకు ఆ మూడు రోజుల్లోనే ఖరారవుతుంది. హైదరాబాద్ లాంటి వాతావరణంలో ఏ ఉపాయం ఏ కాలంలో పనిచేస్తుందో గాలిలోని తేమ నిర్ణయిస్తుంది.

మూడు అంకెల గందరగోళం

ఇంట్లో బీరు తయారీ మొదలుపెట్టినవారిని ముందుగా తికమక పెట్టేవి మూడు అంకెలు. పొడి ఈస్ట్ పొట్లం మీద, వాడే ముందు దానిని 25 నుంచి 35 డిగ్రీల గోరువెచ్చని నీటిలో నానబెట్టాలని ఉంటుంది. అదే పొట్లం మీద, లేదా వంటవిధానంలో, 18 నుంచి 22 డిగ్రీల మధ్య పులియబెట్టాలని ఉంటుంది. ఇక గదిలోని ఏసీ 24 డిగ్రీలు చూపిస్తుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 24 దగ్గరే మొదలయ్యేలా కేంద్రం నిబంధన పెట్టింది గనుక చాలా ఇళ్లలో ఆ అంకె అలాగే ఉండిపోతుంది. 24కూ 22కూ ఉన్న తేడా రెండు డిగ్రీలేనని, 30 డిగ్రీల నీటిలో కూడా ఈస్ట్ హాయిగా లేస్తుందని చూసినవారికి, ఈ మాత్రం తేడా పట్టించుకోనక్కరలేదని అనిపించడం సహజం.

అయితే ఈ మూడు అంకెలూ మూడు వేర్వేరు విషయాలను చెబుతున్నాయి. మొదటిది ఎండిన ఈస్ట్ కణం నీరు పీల్చుకుని మళ్లీ బతికి లేవడానికి అనువైన వేడి. రెండవది ఆ కణం మంచి రుచినిచ్చే వేడి. మూడవది గాలి వేడి. ఈస్టుకు సుఖంగా ఉండే వేడికీ, తాగేవారికి నచ్చే బీరునిచ్చే వేడికీ మధ్య దాదాపు పది డిగ్రీల దూరం ఉంది. బీరు ఈస్ట్ జాతి అయిన సాకరోమైసిస్ సెరివిసియే 30 డిగ్రీలు దాటిన తర్వాత కూడా బ్రహ్మాండంగా పెరుగుతుంది. అది వేగంగా పెరగడమే ఇక్కడ సమస్య.

హైదరాబాద్ పాఠకులకు చట్టం సంగతి ముందే చెప్పవలసి ఉంది. తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, ఇంటి వాడకానికైనా సరే. 2015లో ప్రభుత్వం తెచ్చిన నియమాలు మైక్రోబ్రూవరీలకు, అంటే అక్కడికక్కడే బీరు తయారు చేసి అమ్మే చిన్న కేంద్రాలకు, దారి తెరిచాయి గానీ ఇంటి తయారీకి కాదు. అమెరికాలో 1978లో వచ్చిన సమాఖ్య చట్టం ఇంటి బీరును అనుమతించింది. బ్రిటన్ 1963లోనే ఇంటి తయారీకి లైసెన్సు అవసరాన్ని ఎత్తివేసింది. అనుమతి ఉన్న దేశాల్లో స్థిరపడి గ్యారేజీలో బకెట్టు పెట్టుకున్న తెలుగువారికీ, ఇక్కడి మైక్రోబ్రూవరీలో గ్లాసు ముందు కూర్చుని రుచి వెనుక కారణం తెలుసుకోవాలనుకునేవారికీ ఈ లెక్క ఒకటే. ఎండకూ వానకూ చలికీ ఉదాహరణగా మాత్రం ఇక్కడ హైదరాబాద్ వాతావరణాన్నే తీసుకోవడం జరిగింది. మే నెలలో 40 డిగ్రీలకు అటూ ఇటూ, డిసెంబరు రాత్రుల్లో 15 దగ్గరికి వెళ్లే ఊరు ఈ విషయాన్ని వివరించడానికి చక్కగా సరిపోతుంది.

వేడి పుట్టేది లోపలే

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్టును, వేడినీటిలో నానబెట్టి వడగట్టి, చేదునిచ్చే హాప్స్ పూలు వేసి మరిగించిన తియ్యటి ద్రవాన్ని వోర్ట్ అంటారు. ఈస్ట్ అందులోని చక్కెరను తిని ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. ఈ మార్పులో వేడి కూడా వెలువడుతుంది. పులిసిన ప్రతి కిలో చక్కెరకు సుమారు 600 కిలోజౌళ్లు.

ఈ వేడి ఎంత పెద్దదో ఒక బకెట్టుకు అన్వయించి చూస్తే తెలుస్తుంది. మామూలు గాఢత ఉన్న 20 లీటర్ల వోర్టులో కరిగి ఉన్న పదార్థం దాదాపు రెండున్నర కిలోలు. అందులో ఒకటిన్నర కిలోలకు కాస్త పైన పులుస్తుంది. అంటే వెలువడే వేడి వెయ్యి కిలోజౌళ్లకు దగ్గరగా ఉంటుంది. 20 లీటర్ల నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 84 కిలోజౌళ్లు చాలు కనుక, ఆ వేడిలో ఒక్క వీసమైనా బయటకు పోని పక్షంలో బకెట్టు తనంతట తానే పది డిగ్రీలకు పైగా వేడెక్కాలి. నిజానికి గోడల గుండా వేడి పోతూనే ఉంటుంది కాబట్టి అంత పెరగదు. గాలి తగిలే చోట ఉంచిన 20 లీటర్ల బకెట్టు, పులియడం ఉధృతంగా ఉన్న రోజున, గది కంటే రెండు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువలో ఉంటుంది. ఏసీ 24 చూపుతున్న గదిలో బీరు 26 నుంచి 29 దాకా వెళ్లిందంటే ఆశ్చర్యపడవలసిన పని లేదు.

ఇందులో ఒక విషమచక్రం కూడా ఉంది. పది డిగ్రీలు పెరిగితే పులిసే వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. వేగం పెరిగితే గంటకు వెలువడే వేడి పెరుగుతుంది, ఆ వేడి మళ్లీ వేగాన్ని పెంచుతుంది. ఉదయం 23 ఉన్న బకెట్టు సాయంత్రానికి 28కి చేరడం వెనుక ఉన్నది ఇదే.

పరిమాణం పెరిగితే కథ ఇంకా కఠినం. 20 లీటర్ల బకెట్టు స్థానంలో 1,000 లీటర్ల ట్యాంకు పెడితే ద్రవం 50 రెట్లు పెరుగుతుంది గానీ బయటి ఉపరితలం సుమారు 14 రెట్లే పెరుగుతుంది. ఒక్కో లీటరుకు చల్లబడేందుకు దొరికే గోడ నాలుగో వంతుకు పడిపోతుంది. మైక్రోబ్రూవరీలోని మెరిసే స్టీలు ట్యాంకులకు రెండు పొరలుండి, వాటి మధ్య సున్నా కంటే తక్కువ వేడిలో గడ్డకట్టని గ్లైకాల్ ద్రవం తిరుగుతూ ఉండేది ఇందుకే.

మొదటి మూడు రోజులు

ఈస్ట్ వేసిన తొలి పది, పన్నెండు గంటలు పైకి ఏమీ కనిపించదు. ఆ సమయంలో కణాలు ఆక్సిజన్ తీసుకుని విభజనకు సిద్ధమవుతాయి. తరువాతి రెండున్నర రోజుల్లో సంఖ్య అనేక రెట్లు పెరుగుతుంది. రుచినీ వాసననూ తీర్చిదిద్దే చాలా పదార్థాలు ఈ పెరుగుదలకు అనుబంధంగానే పుడతాయి. కనుక మొదటి మూడు రోజులు 28లో ఉండి, నాలుగో రోజున 19కి దించిన బీరు, మొత్తం 28లో పులిసిన బీరు లాగే ఉంటుంది. అప్పటికే జరగవలసింది జరిగిపోయి ఉంటుంది.

వేడి ఎక్కువైనప్పుడు వచ్చే వాటిలో మొదటివి పండ్ల వాసననిచ్చే ఎస్టర్లు. వాటిలో ఐసోఅమైల్ ఎసిటేట్ అనేది పండిన అరటిపండు వాసననిస్తుంది. జర్మన్ గోధుమ బీరుకు అది కావలసిన గుణమే. అక్కడ లవంగం వాసనతో కలిసి అది ఆ బీరుకు గుర్తుగా నిలుస్తుంది. అదే వాసన మామూలు ఏల్‌లో, అంటే 18 నుంచి 22 డిగ్రీల మధ్య పులియబెట్టే రకం బీరులో, వస్తే లోపం. ఎథైల్ ఎసిటేట్ మోతాదు మించితే గోళ్లరంగు చెరిపే ద్రవం వాసన వస్తుంది. రెండవవి ఫ్యూజల్ ఆల్కహాళ్లు, అంటే మామూలు ఆల్కహాలుతో పాటు కొద్దిగా పుట్టే బరువైన ఆల్కహాళ్లు. గొంతు దిగేటప్పుడు మంటగా, ఘాటుగా అనిపించడానికి ఇవే కారణం. నిల్వ ఉంచితే ఎస్టర్లు కొంత మెత్తబడతాయేమో గానీ ఈ మంట పోదు. అందుకే వేడి వల్ల వచ్చే లోపాలన్నింటిలో దీనినే గట్టిగా పట్టించుకోవాలి.

వేడిలో పులిస్తే మత్తు ఎక్కువ వస్తుందన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. ఆల్కహాలు ఎంత వస్తుందో నిర్ణయించేది ప్రధానంగా వోర్టులోని చక్కెర, ఈస్ట్ దానిలో ఎంత భాగం తినగలదన్నది. వేడి పెరిగితే పని త్వరగా ముగుస్తుంది, అంతే. ఘాటును మత్తుగా పొరబడటం వల్ల పుట్టిన నమ్మకం ఇది.

మరీ చల్లబడినా చిక్కే. ఏల్ ఈస్ట్ 14, 15 డిగ్రీలకు దిగితే మందగించి, కణాలు అడుగుకు చేరి, చక్కెర మిగిలి ఉండగానే పని ఆపేస్తుంది. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రి కిటికీ పక్కన ఉంచిన బకెట్టుకు జరిగేది ఇది.

ఇడ్లీ పిండితో పోలిక ఇక్కడ కొంత దూరమే వస్తుంది. వేసవిలో ఐదారు గంటలకే గిన్నె దాటి పొర్లే పిండి, సంక్రాంతి చలిలో దుప్పటి కప్పినా పొద్దెక్కేదాకా లేవకపోవడం ప్రతి ఇంట్లోనూ చూసేదే. కానీ పిండిలో ప్రధానంగా పనిచేసేవి లాక్టిక్ ఆమ్లాన్నిచ్చే బ్యాక్టీరియాలు; పులుపు ఎక్కువైందనిపిస్తే దానితో దోసెలు పోసుకోవచ్చు. బీరులో అలాంటి రెండో దారి లేదు. కల్లు పోలిక ఇంతకన్నా దగ్గరిది. చెట్టు మీది కుండలోనే పులియడం మొదలై, ఉదయం తియ్యగా ఉన్నది ఎండెక్కేసరికి పుల్లబడుతుంది. 2023లో నెక్లెస్ రోడ్డులో మొదలైన నీరా కేఫ్‌కు మూలమైన నీరా, పులియకుండా చల్లగా దాచిన అదే గీత రసం. ఒకే రసం నీరాగా మిగలడానికీ కల్లుగా మారడానికీ మధ్య ప్రధానంగా ఉన్నది వేడే.

చలిని వెతుక్కుంటూ వెళ్లిన బీరు

ఈ చిక్కు పాతది. జర్మనీలోని బవేరియాలో 1553లో వచ్చిన శాసనం, ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాయడాన్ని నిషేధించింది. వేసవి బీరు చెడిపోతుందని అనుభవంతో తెలుసు, కారణం తెలియదు. శీతాకాలపు నేలమాళిగల్లో పులియబెట్టే అలవాటు నుంచి, 8 నుంచి 13 డిగ్రీల్లో నెమ్మదిగా పనిచేసే లేగర్ ఈస్ట్ నిలదొక్కుకుంది. 1870లలో కార్ల్ ఫాన్ లిండె శీతలీకరణ యంత్రాన్ని మ్యూనిక్ బ్రూవరీల అండతోనే అభివృద్ధి చేశాడు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచి చూపాడు. చల్లదనం, శుద్ధత రెండూ చేతికందాక బీరు ఏ ఊళ్లోనైనా, ఏ కాలంలోనైనా తయారు కాగలిగింది. అంతకుముందు మన ఉపఖండంలో బ్రిటిష్ వారు బ్రూవరీలు పెట్టిన చోట్లను చూస్తే, కసౌలి, సోలన్, మర్రీ, అన్నీ కొండ మీది చల్లటి ఊళ్లే. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా ఎండల్లో పెద్ద బీరు కర్మాగారాలు నడుస్తున్నాయంటే అది యంత్రం పుణ్యమే.

తడిగుడ్డ ఏప్రిల్‌లో పనిచేసి జూలైలో చేతులెత్తేస్తుంది

యంత్రం లేని ఇంట్లో అన్నింటికన్నా చవకైన ఉపాయం తడిగుడ్డ. బకెట్టును వెడల్పాటి గంగాళంలో నిలబెట్టి, నాలుగు వేళ్ల ఎత్తున నీరు పోసి, పాత నూలు తువాలును బకెట్టుకు చుట్టి దాని అంచు నీటిలో మునిగేలా వదిలి, ఫ్యాను పెడతారు. గుడ్డ నీటిని పైకి పీలుస్తుంది, ఫ్యాను దానిని ఆవిరి చేస్తుంది, ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది. రాత్రి సరిగ్గా పెట్టిన గుడ్డను తెల్లవారి తాకి చూస్తే కింది భాగం చల్లగా తడిగా, పై జానెడు మాత్రం ఎండి గరుగ్గా ఉంటుంది. ఆ ఎండిన జానెడు మేర చల్లదనం లేదన్నమాట. నీరు అంత ఎత్తుకు ఎక్కలేదు కనుక పైనుంచి కూడా తడపాలి.

ఈ ఉపాయానికి ఉన్న బలం చిన్నది కాదు. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్లు తీసుకుపోతుంది. అంటే 20 లీటర్ల బీరు పులిసే క్రమంలో తనలో పుట్టించే వేడినంతా మోసుకుపోవడానికి అర లీటరు లోపు నీరు చాలు. అయితే ఆవిరి ఎంత త్వరగా లేస్తుందో గాలిలో అప్పటికే ఉన్న తేమ మీద ఆధారపడుతుంది. తడిగుడ్డ ఎంత ప్రయత్నించినా తడి థర్మామీటరు (కొనకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు) చూపే వేడి కంటే కిందికి దిగలేదు. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు ఆ హద్దు 22, 23 డిగ్రీలు. జూలైలో ముసురు పట్టి గాలి 30 డిగ్రీలకు చల్లబడినా, తేమ 75 శాతం ఉంటే హద్దు 26కి పైనే. ఎండ మండే రోజున పదిహేడు డిగ్రీలు దించగల గుడ్డ, వాన రోజున నాలుగు డిగ్రీలే దించగలదు. ఎయిర్ కూలర్ వాడే ప్రతివారికీ ఇది అనుభవమే; కూలర్ వానాకాలంలో ఉక్కపోతను పెంచుతుందే గాని తగ్గించదు.

కనుక వానాకాలం బయటికి చల్లగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండటం పొరపాటు. తడిగుడ్డ మీద ఆధారపడేవారికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉన్న కాలమే అసలు పరీక్ష.

ఐసు, థర్మోకోల్, ఫ్రిజ్

రెండో ఉపాయం ఐసు. లీటరు నీళ్ల సీసాను డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి గంగాళం నీటిలో వేస్తే, కరిగి 18 డిగ్రీలకు చేరేసరికి సుమారు 400 కిలోజౌళ్లు లాగుతుంది. బీరు తనలో పుట్టించే మొత్తం వేడికి అలాంటి సీసాలు రెండున్నర చాలు. కానీ గది నుంచి లోపలికి వచ్చే వేడి దీనికి ఎన్నో రెట్లు. 32 డిగ్రీల గదిలో, ఏ కప్పూ లేని బకెట్టును 20 దగ్గర నిలపాలంటే రోజుకు ఎనిమిది కిలోల ఐసు వరకు ఖర్చవుతుంది. అదే బకెట్టును రెండంగుళాల మందం థర్మోకోల్ పెట్టెలో ఉంచితే, బయటి వేడికి రెండు కిలోలు, దానికి తోడు బీరు వేడికి మరో కిలో సరిపోతుంది. ఫ్రీజర్ సగం ఖాళీ చేయించే పనికీ, రెండు పూటలా సీసాలు మార్చే పనికీ ఉన్న తేడా అది.

థర్మోకోల్ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. అది బయటి వేడిని రానివ్వనట్లే లోపలి వేడిని పోనివ్వదు. ఐసు లేకుండా బకెట్టును పెట్టెలో పెట్టి మూత వేస్తే, చల్లగా ఉంచుదామనుకున్న పెట్టె బీరుకు దుప్పటిలా మారుతుంది. ఉధృతంగా పులిసే రోజున లోపల ఏడెనిమిది డిగ్రీలు పెరిగే అవకాశం ఉంది.

ఏసీ గది మీద ఆధారపడేవారు సమయాన్ని లెక్కలోకి తీసుకోవాలి. 20 లీటర్ల ద్రవం గది మార్పుకు స్పందించి అందులో మూడింట రెండు వంతుల దూరం రావడానికే ఏడెనిమిది గంటలు పడుతుంది. రాత్రి పది నుంచి ఆరు వరకే ఏసీ నడిచే ఇంట్లో బీరు 24ను చూసే లోపే తెల్లవారుతుంది. గంగాళంలో మరో 40 లీటర్ల నీరు పోస్తే మార్పు ఇంకా నెమ్మదిస్తుంది గానీ, అక్కడ ఆ నెమ్మదే మేలు. పగటి ఎక్కువలూ రాత్రి తక్కువలూ సర్దుకుని వేడి ఒక సన్నని గీతగా నడుస్తుంది. ఈస్టుకు స్థిరమైన 22, రోజూ 18కీ 24కీ మధ్య ఊగే వేడికన్నా నయం.

నమ్మకమైన దారి పాత ఫ్రిజ్, దానికి బయటి నుంచి తగిలించే టెంపరేచర్ కంట్రోలర్. ఫ్రిజ్ సొంత మీట అయితే నాలుగైదు డిగ్రీలకు దించేస్తుంది. కంట్రోలర్ మాత్రం అనుకున్న అంకె దగ్గర కరెంటు ఆపుతుంది. ఇక్కడ ఎక్కువ తప్పులు జరిగేది సెన్సరు దగ్గర. దానిని ఫ్రిజ్ గాలిలో వేలాడదీస్తే గాలిని 18లో ఉంచుతుంది, బీరు 21, 22లో ఉండిపోతుంది. సెన్సరును ద్రవం మట్టానికి సగం ఎత్తున బకెట్టు గోడకు ఆనించి, పైన చిన్న స్పాంజి ముక్క పెట్టి టేపు చుట్టాలి. స్పాంజి గాలిని అడ్డుకుంటుంది కనుక సెన్సరుకు తెలిసేది గోడ వెనుక ఉన్న బీరు వేడే. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ మొదలవకుండా నాలుగైదు నిమిషాల విరామం పెట్టుకోకపోతే ఫ్రిజ్ త్వరగా పాడవుతుంది.

ఇంతా చేసి, మరిగిన వోర్టును సరిగా చల్లార్చకుండా ఈస్ట్ వేస్తే ఫలితం ఉండదు. వోర్టులో ముంచి నీటిని పంపే రాగి గొట్టం, కుళాయి నీటి వేడి కంటే కిందికి దించలేదు. డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే మే నెల నీరు 35 డిగ్రీల పైన ఉంటే వోర్ట్ కూడా అక్కడే ఆగుతుంది. ఆ తర్వాతి దూరమంతా ఐసు నీటి తొట్టిలోనే నడవాలి. అనుకున్న వేడికి ఒకటి రెండు డిగ్రీలు తక్కువలోనే ఈస్ట్ వేసి, నెమ్మదిగా ఎక్కనివ్వడం మేలు.

వేడికి తగిన ఈస్ట్

వేడితో పోరాడలేని చోట ఈస్టును మార్చడం తెలివైన పని. నార్వే పల్లెల్లో తరతరాలుగా దాచుకున్న క్వైక్ ఈస్ట్ 30 నుంచి 40 డిగ్రీల మధ్య కూడా ఘాటు లేకుండా, మూడు నాలుగు రోజుల్లో పని ముగిస్తుంది. చలిదేశంలో వేడికి తట్టుకునే ఈస్ట్ పుట్టడం వింతగా తోచవచ్చు. గోరువెచ్చగా ఉండగానే వోర్టులో ఈస్ట్ వేయడం అక్కడి రైతుల ఆనవాయితీ, ఆ ఎంపికే దానిని అలా తీర్చింది. బెల్జియంలో పుట్టిన సేజాన్ ఈస్టులు కూడా 30కి పైగా వెళ్లగలవు, వాటిలో మిరియాల వంటి ఘాటైన వాసన సహజగుణం. వేసవిలో ఇవి, చలికాలంలో మామూలు ఏల్ ఈస్ట్ అన్న పద్ధతి, ఏడాది పొడవునా ఒకే ఈస్టును పట్టుకుని ఐసు మోయడం కన్నా హేతుబద్ధమైనది. లేగర్ మాత్రం ఫ్రిజ్ లేకుండా హైదరాబాద్ వంటి ఊరి వేడిలో ఏ నెలలోనూ కుదిరే పని కాదు.

చివర్లో వేడి కావాలి

ఇంతవరకు వేడిని తగ్గించడం గురించే చెప్పినా, పులియడం ముగింపుకు వచ్చినప్పుడు కొంచెం వేడి అవసరమే. పెరిగే దశలో కణాల నుంచి బయటకు వచ్చిన ఒక పదార్థం బీరులో డయాసిటైల్‌గా మారి వెన్న వాసననిస్తుంది. ఈస్ట్ దానిని తిరిగి పీల్చుకుంటుంది గానీ చల్లగా ఉంటే ఆ పని సాగదు. అందుకే 10, 12 డిగ్రీల్లో పులిసిన లేగరును చివర్లో 15 నుంచి 18కి పెంచి రెండు మూడు రోజులు ఉంచుతారు. ఏల్‌లో కూడా నాలుగో రోజు తర్వాత ఒకటి రెండు డిగ్రీలు ఎక్కనివ్వడం వల్ల నష్టం లేదు, లాభమే.

సీసాల్లో నింపే రోజున కూడా ఉష్ణోగ్రత లెక్కలోకి వస్తుంది. పులియడం ముగిసిన 20 డిగ్రీల బీరులో, తన పరిమాణానికి 0.85 రెట్ల కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. 30 డిగ్రీల బీరులో 0.65 రెట్లే. మామూలు పొంగు, అంటే 2.4 రెట్లు, రావాలంటే లీటరుకు మొదటిదానికి ఆరు గ్రాములకు కాస్త పైన, రెండోదానికి ఏడు గ్రాముల చక్కెర కలపాలి. బీరు తేరడం కోసం నింపే ముందు రోజు ఫ్రిజ్‌లో 4 డిగ్రీలకు దించినవారు ఆ 4ను లెక్కలో వేస్తే చక్కెర బాగా తక్కువ పడి బీరు చప్పబడుతుంది. చూడవలసింది పులియడం ఆగిన తర్వాత బీరు చేరిన గరిష్ఠ వేడిని.

దీనికి ఎదురు తప్పు ప్రమాదకరమైనది. జనవరి చలిలో ఈస్ట్ మధ్యలో ఆగిపోతే, ఎయిర్‌లాక్‌లో (వాయువును బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని మూతలో) బుడగలు రావడం లేదన్న ఒక్క ఆధారంతో పులియడం ముగిసిందనుకుని సీసాలు నింపేస్తారు. మార్చి ఎండ తగిలేసరికి ఈస్ట్ లేచి మిగిలిన చక్కెరను అందుకుంటుంది. ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు మీద 0.004 మేర మిగిలిన చక్కెర చాలు, మరో రెండు రెట్ల వాయువు పుట్టి సీసా పగలడానికి. అందుకే బుడగలను కాదు, మూడు రోజుల ఎడంతో రెండుసార్లు తీసిన హైడ్రోమీటరు అంకెను చూడాలి. చలికాలంలోనైతే ఆ రెండు కొలతల మధ్య బకెట్టును 20 డిగ్రీల పైన ఉంచి మరీ చూడాలి.